ఒంటరిగా ఉన్నట్లు ధ్రువీకరించడమైనది

జలుబు చేస్తే ముక్కు చెబుతుంది. కాలు బెణికితే నడక చెబుతుంది. మనిషికి ఒంటరితనం వచ్చిందో లేదో తెలుసుకునే సౌకర్యం మాత్రం, పథకం వచ్చేదాకా బట్టీల కాలనీలో ఎవరికీ లేకపోయింది.

బట్టీల కాలనీ ఊరి చివర, ఒకప్పుడు ఇటుకలు కాల్చిన నేల మీద లేచింది. కాయితాల్లో దాని పేరు నవజీవన్ నగర్. ఆటోవాడికి ఆ పేరు చెబితే తీసుకెళ్ళి ఇంకెక్కడో దింపుతాడు. కాలనీ మధ్యన సామాజిక భవనమని ఒక హాలుంది. అందులో తిరిగినప్పుడు తిరిగే ఫ్యాను, రెండు బల్లలు, గచ్చు మీద ఎవరో ఏ కాలంలోనో ఉలితో చెక్కిన పులిజూదం పటం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముసలాళ్ళంతా అక్కడ చేరేవారు.

అందరికంటే ముందొచ్చేది గవర్రాజు. ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి, కిక్కిరిసిన బస్సులో నిలబడి ‘ఇంకా ఖాళీ ఉంది, ముందుకి జరగండి’ అని మొహమాటం లేకుండా అబద్ధమాడిన మనిషి. వచ్చేటప్పుడు టైలరు తాతబ్బాయిని రెక్క పట్టుకుని నడిపించుకొచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి, ఒకేసారి తప్పిన ఎనిమిదో తరగతి. కిందటేడు ఎండల్లో తాతబ్బాయికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి పోతే దీపాలవేళకి గాని రారు. చేతికి వ్యాయామం ఉండాలి, నోటికి మాట ఉండాలి అని డాక్టరు చెప్పాడు. వ్యాయామం చేయించేవాళ్ళు లేరు. మాట సంగతి మాత్రం గవర్రాజు నెత్తినేసుకున్నాడు.

తన మాట తనకే అసహ్యమై తాతబ్బాయి ఎవరి దగ్గరా నోరు విప్పేవాడు కాదు. గవర్రాజుతో పులిజూదానికి కూర్చుంటే మాత్రం ఎడంచేత్తో మేకని జరిపి, ‘ఆ... ఆడరా’ అనేవాడు. రోజుకి నాలుగైదుసార్లు ఆ ఒక్క మాట. గవర్రాజుకి అది వింటే అన్నం తిన్నంత తృప్తిగా ఉండేది.

ఇలా ఉండగా తోడు కేంద్రం వచ్చింది.

సామాజిక భవనానికి రంగులేశారు. గచ్చు మీద, పులిజూదంతో సహా, తెల్లటి టైల్స్ పరిచేశారు. వేడి భోజనం, ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని దింపడానికి వ్యాను, మంగళ శుక్రవారాల్లో ఫిజియోథెరపీ డాక్టరమ్మ వచ్చి చేతులకీ కాళ్ళకీ వైద్యం. ఆ చివరి ముక్క వినగానే గవర్రాజు తాతబ్బాయిని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, సమన్వయాధికారి త్రినాథ్ గారి బల్ల ముందు నిలబెట్టాడు.

త్రినాథ్ గారు మంచి మనిషి. మార్గదర్శకాల్లో లేని చెడ్డపని ఆయన జన్మలో చేయలేదు.

“మీరిద్దరూ కలిసి వచ్చినట్టున్నారు,” అన్నాడాయన కలం ఆపి.

“ఆయ్, మరేనండి. చిన్నప్పట్నించీ మేం...”

“ఆగండాగండి. నేను వినలేదనుకుంటాను. ఇది ఒంటరి వయోవృద్ధుల నిమిత్తం ఉద్దేశించబడిన కేంద్రం. తోడు ఉన్నవారికి తోడు కల్పించుట ద్వంద్వ లబ్ధి కిందకి వస్తుంది. మీరు బయటికి వెళ్ళి, విడివిడిగా రండి.”

బయటికెళ్ళి విడివిడిగా వచ్చారు. గవర్రాజు ముందు, తాతబ్బాయి గోడ పట్టుకుని పావుగంట తర్వాత.

“ఒంటరితనం ధ్రువీకరణ పత్రం కావాలి,” అన్నారు త్రినాథ్ గారు. “మీకు ఎవరితోనూ పరిచయం లేదని, మిమ్మల్ని బాగా ఎరిగిన ఒకరు సంతకం పెట్టాలి.”

“బాగా ఎరిగినోళ్ళుంటే పరిచయం ఉన్నట్టే కదండీ?”

“బాగా ఎరగనివారు ఎలా చెప్పగలరండీ?” అన్నారాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

కండక్టరుగా చేసినవాడికి రూలుతో వాదించకూడదని తెలుసు. తాతబ్బాయి కాయితం మీద గవర్రాజే సంతకం పెట్టాడు: ‘సదరు తాతబ్బాయికి ఈ లోకమున స్నేహితులెవ్వరూ లేరని నేను ఎరుగుదును.’ రాస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అరవయ్యేళ్ళ స్నేహం మీద అడ్డంగా గీత పెడుతున్నట్టు మనసు చివుక్కుమంది. గవర్రాజు కాయితం మీద తాతబ్బాయి ఎడంచేతి బొటనవేలి ముద్ర వేశాడు.

తర్వాత ప్రశ్నావళి. ఇరవై అయిదు ప్రశ్నలు, ఇరవై అయిదు మార్కులు, పదిహేను దాటితే ఒంటరి.

“వారానికి ఎన్నిసార్లు నవ్వుతారు?”

“ఏ విషయం మీదండీ?”

“విషయానికి కాలమ్ లేదు.”

“ఒక్కసారేసుకోండి.”

“ఎవరితోనైనా పోట్లాడుతుంటారా?”

“ఛ, లేదండి.”

“పోట్లాట ఒంటరితనానికి లక్షణం. దానికి రెండు మార్కులున్నాయి.”

“అయితే రోజూ పోట్లాడతానండి,” అన్నాడు గవర్రాజు.

పదహారు మార్కులతో గట్టెక్కాడు. తాతబ్బాయి అన్ని ప్రశ్నలకీ నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఆయనకి ఇరవై అయిదుకి ఇరవై అయిదు వేసి, త్రినాథ్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఇంత నికార్సయిన ఒంటరిని తన సర్వీసులో చూడలేదని, ఆ పత్రాన్ని నమూనాగా పై కార్యాలయానికి పంపారు.

మొదటి రెండు నెలలూ బాగానే జరిగింది. డాక్టరమ్మ పేరు ఝాన్సీ. వయసులో చిన్నదైనా చేతిపట్టు గట్టిది. తాతబ్బాయి వేళ్ళని ఒక్కొక్కటిగా లాగి, మడిచి, మళ్ళీ లాగి, ఆరో వారానికి చిటికెనవేలు దానంతటది కదిలేలా చేసింది. ఆ సాయంత్రం గవర్రాజు ఇంట్లో కూర్చుని తనలో తనే ముసిముసిగా నవ్వుకుంటుంటే, “ఏంటి మావయ్యా, ఒక్కరే నవ్వుతున్నారు?” అని కోడలడిగింది. “నవ్వట్లేదమ్మా. వారానికొకటని రాయించాను,” అన్నాడు.

మూడో నెలలో సమీక్ష వచ్చింది.

పథకం ఉద్దేశం ఒంటరితనాన్ని పోగొట్టడం. పోయిందని చూపించకపోతే పథకం పని చేయలేదన్నట్టు. ఎవరికి పోయిందా అని త్రినాథ్ గారు నాలుగు రోజులు హాలంతా కలయజూసి, మంగతాయారమ్మా నూకరత్నమూ ఒకే పళ్ళెంలో గోంగూర ఒలుచుకుంటూ పట్టుబడ్డారని రాసుకున్నారు. శుక్రవారం సభ పెట్టి, ఇద్దరికీ శాలువాలు కప్పి, ‘ఒంటరితన విముక్త’ అని అచ్చేసిన పత్రాలు చేతికిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

“మీకు పూర్తిగా నయమైనందుకు శాఖ తరఫున అభినందనలు. రేపటినుంచి మీరు రానక్కర్లేదు.”

మంగతాయారమ్మ శాలువాలోంచి తల బయటికి పెట్టి చూసింది. “రానక్కర్లేదంటే? నేను రాకపోతే ఈవిడెవరితో మాట్లాడుద్దండీ?”

“ఆవిడకీ నయమైంది కదమ్మా.”

ఇద్దరివీ కాలనీకి ఆ చివరా ఈ చివరా ఇళ్ళు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. ఇన్నాళ్ళూ వ్యాను ఎక్కించుకొచ్చేది. ఇక ఒకరి మొహం ఒకరు చూసే దారి లేదని నూకరత్నం కళ్ళొత్తుకుంటే, త్రినాథ్ గారు ఓదార్చారు. ఆర్నెల్లయ్యాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట, ఆలోగా తగినంత ఒంటరితనం పోగైతే.

ఆ శాలువాలు చూశాక మిగతా ముప్పై ఎనిమిది మందికీ గుండెల్లో రాయి పడింది. మర్నాటినుంచి కుర్చీలు వాటంతటవే దూరం జరిగాయి. పక్కవాడు తుమ్మితే ‘చిరంజీవ’ అనడం మానేశారు. అన్నదమ్ములిద్దరు వేరువేరు ఊళ్ళవాళ్ళమని చెప్పుకున్నారు. మార్కులు పడతాయని కొందరు పొద్దున్నే వచ్చి కుర్చీ కోసం ఉత్తుత్తి పోట్లాట పెట్టుకునేవారు గాని, మధ్యాహ్నానికి అవి నిజమైపోయేవి.

ఈ మార్పు చూసి త్రినాథ్ గారు ఖంగు తినలేదు. ఒంటరితనం లోతుగా పాతుకుపోయి ఉందని, దానికి తగిన కార్యక్రమాలు కావాలని రాశారు. కార్యక్రమాలు వచ్చాయి. క్యారమ్స్ ఒక్కరే ఆడాలి, బోర్డు చుట్టూ తిరుగుతూ నాలుగు వైపులా. అంత్యాక్షరిలో తన పాటకి తనే అందుకోవాలి. సామూహిక భజన తప్పనిసరి అంశం కాబట్టి దాన్ని ఒక్కొక్కరు ఒక్కో గదిలో చేశారు, వంతగాళ్ళు లేకుండా. ఎవరి పుట్టినరోజైనా వస్తే ఆ మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కేకు ముక్క ఇచ్చి, మిగతావాళ్ళని అటు తిరగమనేవారు.

గవర్రాజు ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. తాతబ్బాయి హాలుకి ఆ మూల, తను ఈ మూల. తాతబ్బాయి కుడిచేతి వేళ్ళు మూడు కదులుతున్నాయి, నిజమే. నాలుక మాత్రం అసలు కదలడం లేదు. ఇంటి దగ్గర కలుద్దామంటే, వ్యానువాడు ఎవరెవరు ఏ అరుగు మీద కనబడ్డారో పుస్తకంలో రాస్తున్నాడు. మాట్లాడితే చెయ్యి పోతుంది, మాట్లాడకపోతే నోరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దారి ఝాన్సీయే చూపించింది. ఓ మంగళవారం ఆవిడ ఒక అట్ట తెచ్చి తాతబ్బాయి ముందున్న బల్ల మీద పెట్టింది. అట్ట మీద కొండలాగా త్రికోణం, దానికి అడ్డంగా నిలువుగా గీతలు. పక్కన మూడు గచ్చకాయలు, పదిహేను చింతగింజలు.

“ఇదేమిటి?” అన్నారు త్రినాథ్ గారు.

“వేళ్ళ వ్యాయామ పటమండి. చిన్న గింజలు పట్టుకుని చోటు మార్చడం. చాలా ముఖ్యం,” అంది ఝాన్సీ, మొహంలో ఏమీ కనబడనీయకుండా.

మంచినీళ్ళ కుండ తాతబ్బాయి బల్లకి ఆనుకుని ఉంది. గవర్రాజు లేచి, హాలు దాటి, గ్లాసుడు నీళ్ళు తాగి, వస్తూ వస్తూ ఒక పులిని జరిపి వచ్చేసేవాడు. తాతబ్బాయి పావుగంట కష్టపడి, కుడిచేతి వేళ్ళతోనే, ఒక మేకని జరిపేవాడు. గవర్రాజుకి మళ్ళీ దాహం వేసేది. ఒక ఆట ముగియడానికి వారం పట్టేది. మాట లేదు, చూపు కూడా లేదు. అయినా ఆ అట్ట దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గవర్రాజు ప్రాణం లేచొచ్చేది.

రోజుకి పద్దెనిమిది గ్లాసులు. కార్యాలయం ఊరుకుంటుందా? ‘అధిక జలపాన లబ్ధిదారు’ అని ఫైలు తెరిచి, వ్యానులో పంపించి చక్కెర వ్యాధి పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. మళ్ళీ చేయించారు. మళ్ళీ లేదని వస్తే, లేకుండా ఇన్ని నీళ్ళు తాగడం మానసిక శూన్యతకి నిదర్శనమని గవర్రాజుకి ఇంకో మూడు మార్కులు కలిపారు.

ఏడో నెలలో కబురొచ్చింది. ఏడు నెలల్లో ఇద్దరు తప్ప ఎవరూ నయం కాని, ఒంటరితనం ఇంత నిలకడగా ఉన్న కేంద్రం ఇంకెక్కడా లేదట. పరిశీలనకి డైరెక్టరు మేడమ్ స్వయంగా వస్తున్నారు.

ఆ రోజు ముప్పై ఎనిమిది కుర్చీలు ముప్పై ఎనిమిది దిక్కులు చూస్తున్నాయి. మేడమ్ లోపలికొచ్చి, నిశ్శబ్దాన్ని కాసేపు విని, “అద్భుతం,” అన్నారు. త్రినాథ్ గారు ఆవిణ్ణి నేరుగా తాతబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళారు. “మన ఆదర్శ లబ్ధిదారు, మేడమ్. ఏడు నెలలుగా ఒక్క మాట కూడా ఉచ్చరించి ఎరుగరు.”

గవర్రాజు సరిగ్గా అప్పుడే కుండ దగ్గర ఉన్నాడు. గ్లాసు నోటి దగ్గరుంది. అంతమందిని చూసిన కంగారులో, గ్లాసు చేతిలో ఉండగానే, చూసుకోకుండా పులిని మూలకి జరిపేశాడు.

మేడమ్ వంగి, పెద్ద గొంతుతో, “పెద్దాయనా, మీకు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు.

తాతబ్బాయి ఆవిడ వంక చూడలేదు. అట్ట వంక చూస్తున్నాడు. కుడిచెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఒక చింతగింజని పట్టుకున్నాయి. అది వణుకుతూ గాలిలో కాసేపు నిలిచి, మూలలో ఉన్న పులి పక్కన కూర్చుంది. మూడో పులికీ దారి మూసుకుపోయింది. తాతబ్బాయి తలెత్తి గవర్రాజు మొహంలోకి చూశాడు.

“పు... పులి... కట్టేశాన్రా... గవర్రాజూ,” అన్నాడు.

హాలంతా విన్నది. ఝాన్సీ చేతిలోని టవలు కిందపడింది.

“ఈయన మీకు తెలుసా?” అని మేడమ్ గవర్రాజుని అడిగారు.

తెలియదంటే సరిపోతుంది. బస్సులో లేని ఖాళీని ముప్పై నాలుగేళ్ళు ఉందన్న నోటికి, ఉన్న స్నేహితుణ్ణి లేడనడం ఒక లెక్కా? అంటే ఆ చేతికి వైద్యం ఆగదు. ఆ సంగతి గవర్రాజుకి తెలుసు. కాని తాతబ్బాయి కళ్ళార్పకుండా చూస్తున్నాడు, ఏడాదిన్నర తర్వాత నిండుగా ఒక మాట అని, దానికి బదులు కోసం. గవర్రాజు గ్లాసు కింద పెట్టాడు.

“ఏం కట్టేశావురా, దొంగ ముండావోడా. నేను కంగార్లో ఉంటే చూసి కట్టేశావు. ఇదీ ఒక ఆటేనా?”

“తొం... తొండి... నీదే.”

“పోట్లాట, మేడమ్,” అన్నారు త్రినాథ్ గారు ఆశగా. “పోట్లాటకి రెండు మార్కులున్నాయి.”

ఆ రెండు మార్కులూ నిలబడేవే. కాని తాతబ్బాయి నవ్వాడు. ఒక పక్కకే వచ్చే నవ్వు, అయినా నవ్వే. అది చూసి గవర్రాజు కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తనూ నవ్వాడు. ఇద్దరు ఒకేసారి, ఒకే విషయం మీద నవ్వడం ఏ పట్టికలో చూసినా స్నేహమే.

సాయంత్రం విచారణ పెట్టారు. అట్టని సాక్ష్యం కింద స్వాధీనం చేసుకున్నారు. గవర్రాజుకి శాలువా కప్పి, గేటు దాటి ఇక లోపలికి రాకూడదన్నారు. తాతబ్బాయి దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. నమూనా ఒంటరిగా పై కార్యాలయానికి పంపిన మనిషిని నయమయ్యాడంటే, మొదట వేసిన మార్కులు తప్పనే ప్రశ్న వస్తుంది. త్రినాథ్ గారు మార్గదర్శకాలన్నీ తిరగేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

“ఈయనకి ఉన్నది ఒక్క స్నేహితుడు. ఆ స్నేహితుణ్ణి తొలగించడమైనది. కావున ఈయన తిరిగి ఒంటరి. వైద్యం కొనసాగుతుంది. ఇకమీదట పరస్పరం కలవబోమని, మాట్లాడబోమని ఇద్దరూ హామీపత్రం రాసి సంతకాలు చేస్తే చాలు.”

గవర్రాజు రెండో ఆలోచన లేకుండా సంతకం పెట్టాడు. చెయ్యి ఈసారి ఆగలేదు. “ఆ చెయ్యి బాగుపడితే అదే చాలండి,” అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా శాలువా మడత పెట్టుకోవడం మొదలెట్టాడు.

కాయితం తాతబ్బాయి ముందుకొచ్చింది. అలవాటు కొద్దీ గుమాస్తా ఆయన ఎడంచెయ్యి పట్టుకుని సిరాదిండు దగ్గరికి లాగబోయాడు. తాతబ్బాయి వదిలించుకున్నాడు. కుడిచెయ్యి చాపాడు. ఝాన్సీ తన కలం తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టింది.

ఆయన కాయితాన్ని వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉన్న ఆ వైపున, నాలుక కొరుక్కుంటూ, ఒక గీత గీశాడు. ఇంకో గీత. రెండూ పైన కలిశాయి. అడుగున అడ్డగీత. ఆ తర్వాత నిలువుగా రెండు, అడ్డంగా రెండు. ముప్పావుగంట పట్టింది. గీతలు వంకర పోయాయి గాని, కలవాల్సిన చోట కలిశాయి. గుడ్డ మీద సుద్దముక్కతో జీవితమంతా గీతలు గీసిన చెయ్యి అది. పక్షవాతం వచ్చాక దాని మొదటి గీతలు ఇవే. గవర్రాజుకి అదేమిటో రెండో గీతకే తెలిసిపోయింది.

త్రినాథ్ గారు కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “సంతకం ఈ రూపంలో ఉందేమిటి?”

“పక్షవాతం కదండీ,” అంది ఝాన్సీ. “అలాగే వస్తుంది.”

ఆయన తల పంకించి, కింద రాశారు: ‘లబ్ధిదారు సంతకము త్రికోణాకారమున ఉన్నది. నా సమక్షమున చేయబడినది. ఆమోదించడమైనది.’ కాయితానికి రెండు వైపులా మూడు ప్రతులు తీయించారు. ఒకటి ఫైలుకి, ఒకటి పై కార్యాలయానికి, ఒకటి నియమం ప్రకారం లబ్ధిదారుకి.

తాతబ్బాయికి మంగళ శుక్రవారాల్లో వైద్యం జరుగుతూనే ఉంది. పన్నెండింటికి అది అయిపోగానే ఆయన కర్ర పట్టుకుని గేటు దాటి బయటికొస్తాడు. గేటు బయట కాలువ మీద ఒక రాతిపలక ఉంది. కేంద్రం సరిహద్దు గేటుతోనే సరి. రాతిపలక కాలువల శాఖ వారిది, వాళ్ళకింకా ఒంటరితనం మీద మార్గదర్శకాలు రాలేదు. వ్యానువాడి పుస్తకంలోనూ అరుగులకి తప్ప కాలువలకి గడి లేదు. గవర్రాజు శాలువాని నాలుగు మడతలు పెట్టి రాయి మీద పరిచి, ఒక కొస మీద తను కూర్చుని, రెండో కొస మీద తాతబ్బాయిని కూర్చోబెడతాడు. ఇద్దరి మధ్యా, ఇకమీదట ఎన్నడూ కలవబోమని రాసిచ్చిన కాయితం తిరగేసి పెట్టి, నాలుగు వైపులా గులకరాళ్ళు ఉంచుతాడు. జేబులోంచి మూడు గచ్చకాయలూ పదిహేను చింతగింజలూ తీస్తాడు.

“ఆడరా,” అంటాడు తాతబ్బాయి. ఇప్పుడు దానికి ముందు తడబాటు లేదు.